ఎవరూ విశ్రాంతి తీసుకోని విశ్రాంతి గది

"నేరం పాతాళంలో దాక్కున్నా సరే, నా కన్ను గునపంలా తవ్వి తీస్తుందక్కా," అన్నాడు డిటెక్టివునని చెప్పుకు తిరిగే మా తమ్ముడు. అప్పుడు వాడి ఒక కాలికి వాడి చెప్పు, రెండో కాలికి నా చెప్పు ఉన్నాయి.

ఊరికే పిలుస్తానా వాణ్ణి? గతిలేక పిలిచాను. మా అమ్మాయిది ఒక ఆఫీసులో ఉద్యోగుల ఆరోగ్యం చూసే పని. అందరి మెడనొప్పులూ తలపోట్లూ తగ్గాలని పోరాడి విశ్రాంతి గది పెట్టించింది. మెత్తటి పరుపులు, వాలుకుర్చీలు, సన్నగా సంగీతం. ఈగ కూడా వాలలేదు. శుక్రవారానికి ఎవరూ రాకపోతే ఆ గదిలో విరిగిన కుర్చీలు పడేస్తాననీ, మా అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపేస్తాననీ మేనేజరు చెప్పేశాడు. పిల్ల అన్నం మానేసింది. గదిలో గ్యాసు లీకవుతోందో, పామే దూరిందో అని నాకు కంటిమీద కునుకు లేదు.

"హత్యే అయుంటుంది," అన్నాడు తమ్ముడు సంతోషంగా.

"ఎవర్ని చంపార్రా?"

"అది తర్వాత. ముందు హంతకుణ్ణి పట్టుకోనీ."

గురువారం, పిల్ల మర్చిపోయిన క్యారేజీ వంకతో ఇద్దరం వెళ్లాం. వాడు నల్లకోటు తగిలించుకున్నాడు. పిల్ల తల పట్టుకుంది.

"మామయ్యని ఎందుకు తెచ్చావమ్మా? అసలే నా ఉద్యోగం ఊగుతోంది."

"భయపడకు కోడలు పిల్లా. రేపటికి నీ శత్రువు నా జేబులో ఉంటాడు."

ఆ గదికి ముందువైపంతా అద్దమే. అద్దానికి ఎదురుగా మేనేజరు బల్ల. నేను వాలుకుర్చీలో నడుం వాల్చానో లేదో, ఆయన తలెత్తి చూశాడు. ఎందుకో గబుక్కున లేచి క్యారేజీ సర్దడం మొదలుపెట్టాను.

తమ్ముడు నేలమీద పాకి నల్లబొత్తాం ఒకటి పట్టాడు. "హంతకుడిది."

"నీ కోటుదిరా."

"అంటే నా కోటు మీద కూడా కన్నేశాడన్నమాట. ఇక నిఘా వెయ్యాల్సిందే."

మేనేజరు ఏదో మీటింగుకి లేచి వెళ్లగానే అద్దం నిండా పాత పేపర్లు అంటించాడు. తన కన్ను పెట్టుకోవడానికి చిల్లు ఉంచడం మాత్రం మర్చిపోయాడు. చీకట్లో హంతకుడి కోసం పొంచి పడుకుని, క్షణంలో గురక తీశాడు.

కాసేపటికి టైపిస్టు తల లోపలికి పెట్టింది.

"ఇప్పుడు ఆయనకి కనబడమా?" అంది మెల్లగా.

"ఎవరికమ్మా?"

గడ్డంతో మేనేజరు బల్ల వైపు చూపించి, చెప్పులు విడిచి పరుపెక్కింది. ఆ వెనకే నడుం పట్టుకుని అకౌంటెంటు, అతని వెనక ఇంకో నలుగురు. మధ్యాహ్నానికి ఒక్క పరుపే మిగిలింది.

పిల్ల పరిగెత్తుకొచ్చి పేపర్లు చూసింది, మేనేజరు బల్ల చూసింది, నుదురు కొట్టుకుంది. "ఆయన కళ్లెదుట ఎవరు పడుకుంటారమ్మా? నేనేమో పరుపులు మారుస్తూ కూర్చున్నా."

అంతలో మేనేజరే వచ్చాడు. "ఎవరంటించారు ఈ పేపర్లు?"

రేపటిదాకా ఎందుకు, పిల్లని ఇప్పుడే ఇంటికి పంపేస్తాడనుకున్నాను.

"ఉండనివ్వండి సార్," అంది పిల్ల. "లోపల చూడండి, జాగా లేదు."

ఆయన చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించాడు. "నేను పడుకున్నా బయటికి కనబడదుగా?"

బూట్లు విప్పి, మిగిలిన ఆ పరుపు మీద వాలాడు. అది తమ్ముడి పక్కది. వాడికి ఠక్కున మెలకువ వచ్చి, చీకట్లో ఆయన కాలు వాటేసుకున్నాడు.

"దొరికాడక్కా. వీడే."

పుట్టి బుద్ధెరిగాక వాడు అసలు నేరస్థుణ్ణి పట్టుకోవడం అదే మొదలు. కానీ పిల్ల ఉద్యోగం నిలబడాలి కదా, గట్టిగా గిల్లి నేనే వదిలించాను.