పూర్తిచేయకూడని పడవ

నాగరిక దేశమన్నాక పాతవాటిని కాపాడుకోవాలి. అవి ఇంకా వాడుకలో ఉంటే మరింత గట్టిగా కాపాడాలి.

సెర్బియాలో టిసా నది ఒడ్డునున్న జివోయిన్ ఇంటిని స్మారక సంరక్షణ ఉపశాఖ ఈ సూత్రం ప్రకారమే చారిత్రక కట్టడంగా ప్రకటించింది. తాతముత్తాతల నాటినుంచీ అక్కడ పడవలు కట్టేవారు. జివోయిన్ ఇంకా కడుతూనే ఉన్నాడు. (ఆ కట్టడంలో ఉన్న ఏకైక లోపం ఇదేనని ఉపశాఖ తేల్చింది.)

పరిరక్షణాధికారి రాతిమిర్ గారు పెరట్లో సగం కట్టిన పడవను చూసి మైమరచిపోయారు.

"అద్భుతం! ఇదీ స్మారకమే. ఇక ముట్టుకోకండి."

"అడుగున ఇంకో రెండు పలకలు వెయ్యాలయ్యా."

"వేస్తే పూర్తయిపోదూ? చారిత్రక అసంపూర్ణత ధ్వంసమైపోతుంది!"

"నీళ్లలో దిగనిది అదేం పడవయ్యా?" అంది జివోయిన్ భార్య స్తమెంక, చేపల పులుసు దించుతూ.

"సంరక్షిత పడవమ్మా."

పడవకు పూసే తారు కాచడం కూడా నిషేధించారు. (తారు వాసన మాత్రం యథాతథంగా ఉండాలన్నారు.) జివోయిన్ రోజూ పొద్దున్నే సుత్తి అందుకునేవాడు, గుర్తొచ్చి కింద పెట్టేవాడు. తన పెరట్లో తనే దొంగలా తిరిగేవాడు.

వసంతంలో రాతిమిర్ గారు వాసన తనిఖీకి వచ్చిన రోజునే నది కరకట్ట దాటింది. రోడ్డు మునిగింది. నీళ్లు గడప ఎక్కాయి.

"జివోయిన్ గారూ, ఆ పడవ ముగ్గుర్ని మోస్తుందంటారా?"

"పూర్తయితే ఆరుగుర్ని మోస్తుంది. ఇప్పుడది స్మారకం కదయ్యా, ఎవర్నీ మోయదు."

"మీ ఎకసెక్కాలు తర్వాత! పొయ్యిలోకి నీళ్లొస్తున్నాయి!" అని అరిచింది స్తమెంక.

రాతిమిర్ గారు దీర్ఘంగా ఆలోచించారు. (నీళ్లు మోకాళ్లు దాటితే ఆలోచన చురుగ్గా సాగుతుంది.)

"తాత్కాలిక అనుమతి ఇస్తున్నాను. ఒడ్డు చేరగానే ఆ పలకలు ఊడదీసి, పడవను పూర్వపు అసంపూర్ణ స్థితికి తేవాలి."

జివోయిన్ సుత్తి అందుకున్నాడు. నెలల తరబడి ఖాళీగా ఉన్న చేతులు వాటంతటవే మేకులు వెతుక్కున్నాయి. పడవ నీళ్లమీద తేలగానే ముఖం పక్కకు తిప్పి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

గట్టెక్కాక రాతిమిర్ గారు ప్యాంటు పిండుకున్నారు. "ఇక ఊడదీయండి."

జివోయిన్ ఊరివైపు చూశాడు. "స్తమెంకా, నువ్వూ దిగు. లోపల చోటు కావాలి," అని పడవను వెనక్కి తిప్పాడు.

ఇళ్ల కప్పులమీదినుంచి జనం రెండు చేతులూ ఊపుతున్నారు. రాతిమిర్ గారు కూడా వాళ్లకు మర్యాదగా చేయి ఊపి, చారిత్రక స్మారకాన్ని ఎవరో ఎత్తుకుపోతున్నారని పోలీసులకు ఫోన్ చేశారు.