కెనాల్ వ్యూ వారి నీటి వంతు

కాలువను సిమెంటు పలకలతో కప్పేయడం కంటే ఆ కాలువకు చేయగల గౌరవం మరొకటి లేదు! మనిషికి శాలువా కప్పితే సన్మానం, కాలువకు పలక కప్పితే ద్రోహమా? ఇదెక్కడి న్యాయమండీ?

నమ్మకం కుదరకపోతే పాడేరు పక్కనున్న కాలవపుట్టు వెళ్లి చూడండి. పాడేరు జిల్లా కేంద్రమయ్యాక ఆ ఊరి దశ తిరిగింది. అంతకుముందు అక్కడ ఏముందని? కొండ మీది గెడ్డవాగు నుంచి తాతముత్తాతలు పలుగూ పారా పట్టి తవ్వుకొచ్చిన ఓ కాలువ, దాని కింద మెట్లు మెట్లుగా వరిమళ్లు. చరిత్ర తప్ప అభివృద్ధి లేదు! ఇప్పుడో? కాలువ ఎగువన 'కెనాల్ వ్యూ కాలనీ' వెలిసింది. మేడలు, హోమ్‌స్టేలు, సెల్ఫీ పాయింటు, దాని నడుమ ఫౌంటెన్. కాలువ మీద పలకలు, పలకల మీద కార్లు.

ఏజెన్సీలో బయటివాళ్లు భూమి కొనకూడదు కదా అని అడిగే చాదస్తులు ఎప్పుడూ ఉంటారు. కొన్నారని ఎవరన్నారు? మేడలన్నీ ఊరివాళ్ల పేరు మీదే ఉన్నాయి. పైగా ఎవరి పేరు మీద మేడ ఉందో ఆ మనిషికే అందులో వాచ్‌మన్ ఉద్యోగం కూడా ఇచ్చారు. సొంత మేడకు కాపలా కాసి జీతం పుచ్చుకునే భాగ్యం మనలో ఎంతమందికి ఉంది?

ఇంత వైభవంలోనూ కొర్రా బుధుకు ఓ దిగులు పట్టుకుంది. ఆ ఊళ్లో నీటి వంతులు చూసేది బుధు. కాలనీ వదిలిన సీసాలూ కవర్లూ పలకల కింద పేరుకుపోయి నీళ్లు ఆగిపోయాయి. దిగువన అతని నారుమడి బీటలివ్వసాగింది. నారు పోతే ఊడ్పులు లేవు, ఊడ్పులు లేకపోతే ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి లేదు. ఇంత చిన్న విషయానికి అంత దిగులెందుకో!

ఆ ఊరి ఆచారం ఒకటుంది. ఊడ్పులకు ముందు ఓ రోజు ఇంటికొక మనిషి కాలువలో దిగి పూడిక తియ్యాలి. దిగని ఇంటికి ఆ ఏడు వంతు లేదు. దిగినవాళ్లకు ఎగువ నుంచి మొదలుపెట్టి వరసగా నీళ్లిస్తారు. బుధు కాలనీ సంఘం అధ్యక్షులు వరహాలరావు గారి దగ్గరికి వెళ్లి, ఆ ఒక్కరోజుకీ పలకలు ఎత్తించి ఇంటికో మనిషిని పంపమని బతిమాలాడు.

వరహాలరావు గారు పొంగిపోయారు. హెరిటేజ్ అంటే ఇదీ అన్నారు. వాట్సాప్ గ్రూపులో పిలుపు వెళ్లింది. ఆ రోజు కాలనీ అంతా తెల్లబట్టలు కట్టుకుని గట్టు మీదికి తరలివచ్చింది. పలకలు లేచాయి, డ్రోన్ ఎగిరింది. ధింసా నాట్యం ఎన్నింటికి మొదలవుతుందని ఒకావిడ వాకబు చేసింది. మరి బురదలో దిగడం? అందుకు ఇంటికో కూలీని పెట్టారు లెండి. ఆ కూలీలు ఎవరనుకున్నారు? కాలవపుట్టు వాళ్లే! బుధు తమ్ముడు స్వామి అధ్యక్షుల వారి ఇంటి తరఫున దిగితే, స్వామి ఇంటి తరఫున అతని భార్య దిగవలసి వచ్చింది.

బుధు పొరపాటు చేసింది ఇక్కడే. ఇంటికో మనిషి రావాలన్నాం, ఇంటికో మనిషి వచ్చాడు, ఇక మాట తప్పకూడదు అనుకున్నాడు. కాలనీలో ప్రతి ఇంటికీ వంతు రాసిచ్చినట్టే ఇచ్చేశాడు. ఎగువన ఉన్నారు కనుక ముందు వంతులన్నీ వారివే.

ఆ నీళ్లు ఎంత సద్వినియోగమయ్యాయని! ఫౌంటెన్ మేడ ఎత్తు లేచింది. కార్లు రోజూ తలంటు పోసుకున్నాయి. లాన్లలో గడ్డి పచ్చగా నవ్వింది. ఒక పెద్దమనిషి తన వంతు నీళ్లలో రబ్బరు బాతులు వదిలి మనవరాలికి ఈత చూపించారు. వరికి పోస్తే ఏమొస్తుంది? ఎవరో తినేస్తారు, అంతేగా!

దిగువన నారు ఎండిపోతుంటే బుధు గట్టు మీద కూర్చుని చూస్తుండేవాడు. అన్నం సహించేది కాదు. చివరికి భార్య రత్నకు ఓపిక నశించింది.

"బురదలో దిగిన కాళ్లు ఎవలివి?" అని అడిగింది.

"మనోళ్లవే."

"మరి వంతు ఆళ్లకెలాగెల్తాది?"

బుధు లేచి మూలనున్న పార అందుకున్నాడు. తెల్లారేసరికి మొగుడూ పెళ్లాలు పార పట్టుకెళ్లి నీళ్లు కిందికి మళ్లించారు. వరహాలరావు గారు లుంగీ ఎగ్గట్టి పరుగున వచ్చారు. ఇంటింటికీ మనిషిని పెట్టి కూలి ఇచ్చాం, మా వంతు ఎలా ఎత్తేస్తారని నిలదీశారు.

"కూలి కష్టానికిచ్చినారు బాబూ, వంతుకి కాదు," అంది రత్న పార దించకుండానే. "వంతు కావాలంటే వచ్చే ఏడు తమరే దిగాల."

ఎంత ఘోరం చూడండి! చదువుకున్నవాళ్లని బురదలో దిగమనడమా? ఆయన వెంటనే నీళ్లకు అడ్డుకట్ట వేయించడానికి కూలీలకు ఫోన్లు చేశారు. ఆ ఫోన్లు ఎత్తవలసిన వాళ్లంతా అప్పటికే తమ మళ్లలో ఉన్నారు. ఫౌంటెన్ ఆగిపోయింది. కాలనీ గ్రూపులో సంతాపాలు వెల్లువెత్తాయి.

నీళ్లయితే వచ్చాయి గానీ ఆలస్యమైంది. నారు సగమే బతికింది. బతికిన మేరకు ఊడ్చుకున్నారు. మిగతా సగం మడి బీటలు వారి అలాగే ఉండిపోయింది. ఆ సగం తిండి ఈ ఏడు ఆ ఇంట్లో ఉండదు. ఇది రాయడానికి మనసొప్పడం లేదు, అయినా రాయక తప్పదు.

అభివృద్ధి మాత్రం ఎవరినీ వదిలెయ్యదు కదా! మొన్న వరహాలరావు గారే స్వయంగా గట్టు మీదికి వచ్చి, ఎంతో ఆప్యాయంగా బుధు భుజం మీద చెయ్యి వేశారు. నేల అలా ఊరికే ఖాళీగా పడి ఉంటే చూడ్డానికి బాగోలేదట. కాలనీ పార్కింగుకు లీజుకిస్తే బుధు పేరు మీదే ఉంచి, పేరుతో బోర్డు కూడా పెట్టిస్తారట. ఇంతకంటే ఓ రైతుకు ఏం కావాలి?

బుధు ఆ చేతిని నెమ్మదిగా భుజం మీంచి తీసేశాడు.

"అది కాళీగా నేదు బాబూ," అన్నాడు. "తమరి వంతులో ఎండిపోనాది."