రెండో ముద్రణలో బతికిన తల్లి

జూన్‌లో బడులు తెరిచిన వారానికి, పంపన ఝాన్సీ రాసిన నవలలోంచి పదిహేనేళ్ల ఇలిక బయటికొచ్చి, తనను పదో తరగతిలో చేర్పించమని అడిగింది. తణుకులో దీనికెవరూ కంగారు పడలేదు. అంతకుముందు ఏడాదే ఒక డిటెక్టివ్ నవలలోని హంతకుడు అట్ట చించుకుని వచ్చి, ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల పనికి కుదిరాడు. మర్యాదస్తుడని పేరు కూడా తెచ్చుకున్నాడు.

ఝాన్సీకి ముప్పై దాటాయి. పగలు పాల కేంద్రంలో వెన్న శాతం చూసే ఉద్యోగం. సాయంత్రాలు ఎదిగే పిల్లల కోసం అంతరిక్ష నవలలు రాసుకునేది. ఆమె నవలల్లో ఆడపిల్లలు ఓడలు నడుపుతారు, గ్రహాలు దాటతారు, చివరి పేజీకల్లా లోకాన్ని కాపాడేస్తారు. ఇలిక కూడా కాలిపోతున్న గ్రహం నుంచి తన వాళ్లందరినీ మరో గ్రహానికి క్షేమంగా చేర్చింది. దానికింద "సమాప్తం" అని అచ్చు వేసేశారు.

"పుస్తకం అయిపోయింది, రచయిత్రి గారూ," అంది ఇలిక, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ. "నాకింకా పదిహేనేళ్లే. మిగతా వయసంతా ఏం చెయ్యను?"

ఝాన్సీ లోపలికి రమ్మంది. కాళ్లు కడుక్కోమని, కంచం పెట్టింది.

బాలికల హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు విశాలాక్షి గారు నిబంధనలు కంఠతా వచ్చిన మనిషి. వేరే గ్రహం నుంచి వచ్చిన పిల్లతో ఇబ్బందేమీ లేదనీ, వేరే జిల్లా నుంచి వస్తేనే కష్టమనీ చెప్పారు. టీసీ గ్రహంతోపాటు కాలిపోయింది కాబట్టి దానికి మినహాయింపు ఉంది. పేరు రాసుకునేటప్పుడు గుమాస్తా "ఎలుక" అని రాశాడు. దిద్దాలంటే పై ఆఫీసు చుట్టూ తిరగాలట. అలాంటి పేర్లతో ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు కనుక ఇలిక ఆ పేరుకే పలకడం అలవాటు చేసుకుంది.

"తల్లి?" అడిగారు విశాలాక్షి గారు.

"రేవ అండి. మూడో అధ్యాయంలో చనిపోయింది."

"ఎలా?"

ఇలిక ఝాన్సీ వైపు తిరిగింది. "ఓడలో మంటలన్నారు. అసలెందుకు చంపారు, రచయిత్రి గారూ?"

"ఆవిడుంటే నిన్ను ఓడెక్కనివ్వదమ్మా. కథ కదలదు," అంది ఝాన్సీ.

"మీరు అడిగి చూశారా?"

అడగలేదు. అడగాలని కూడా ఝాన్సీకి తోచలేదు. తనకు హైదరాబాదులో సీటొచ్చినప్పుడు వాళ్లమ్మ తలుపుకి అడ్డంగా కూర్చుంది. ఇప్పుడావిడ లేదు. కానీ ఝాన్సీ రాసిన నవలలన్నిట్లోనూ తల్లులు మూడో అధ్యాయం దాటకుండా పోతూనే ఉన్నారు. ఇంతకాలం అది కథాశిల్పం అనుకుంది.

బడి బాగానే సాగింది. సూర్యులెందరంటే ఇలిక ఇద్దరని రాసి సున్నా తెచ్చుకుంది. తరవాతి పరీక్షలో ఒక్కడేనని రాసింది. నిజానికీ మార్కులకీ తేడా అంత త్వరగా పట్టేసినందుకు మాస్టారు మెచ్చుకున్నారు.

చలికాలం మొదట్లో బడివాళ్లు పదో తరగతి పిల్లల్ని శ్రీహరికోటకి రాకెట్ చూపించడానికి తీసుకెళ్తామన్నారు. మూడు రోజుల ప్రయాణం. తండ్రి ఒప్పుకుంటే చాలదు, తల్లి సంతకం కావాలి. తండ్రులు సంతకం పెట్టి మర్చిపోతారు, తల్లులు తరవాత గేటు దగ్గరికొచ్చి ఏడుస్తారు అని విశాలాక్షి గారి అనుభవం. వారాలు గడిచినా ఒక్క తల్లీ సంతకం పెట్టలేదు. బస్సు రద్దు చేసేద్దామనుకుంటున్నారు.

ఇలిక తరఫున తను పెడతానని ఝాన్సీ వెళ్లింది.

"కుదరదండి," అన్నారు విశాలాక్షి గారు నొచ్చుకుంటూ. "తల్లి మరణానికి కారకులైనవాళ్లు సంరక్షకులుగా సంతకం చెయ్యకూడదని రూలుంది. మీరు రచయిత్రి అయిపోయారు, లేకపోతే సర్దేద్దును."

ఆ సాయంత్రమే ఝాన్సీ ప్రచురణకర్త సుబ్బరాజు గారికి ఫోన్ చేసింది. రెండో ముద్రణలో మూడో అధ్యాయం మారుస్తానంది.

"తల్లి బతికుంటే ఎవరు కొంటారమ్మా?" అన్నాడాయన. "కుర్రకారు పుస్తకంలో తల్లి ఉంటే అది నీతికథ అయిపోద్ది."

"కొనకపోతే నా జీతంలోంచి కట్టుకుంటానండి," అని పెట్టేసింది.

రాయడం మాత్రం అంత తేలిక కాలేదు. గ్రహాలు పేల్చడం, నక్షత్రాలు ఆర్పెయ్యడం ఝాన్సీ చేతికి అలవాటే. కూతుర్ని పంపే తల్లి ఏం మాట్లాడుతుందో ఎప్పుడూ వినలేదు. రాసి కొట్టేసింది, మళ్లీ రాసింది. మీ అమ్మ ఎలా ఉండేదని ఇలికనడిగింది.

"రెండు అధ్యాయాలేగా నేను చూసింది," అంది ఇలిక. "జడ నెప్పొచ్చేలా వేసేది. అది గుర్తుంది."

ఝాన్సీ అక్కడ పట్టుకుంది. కొత్త అధ్యాయంలో రేవ వద్దంటుంది, తిడుతుంది, కూతురి మూట విప్పి పారేస్తుంది. తరవాత తనే మళ్లీ కట్టి, పిల్లని ముందు కూర్చోబెట్టుకుని జడేస్తూ అంటుంది: "నాకు భయంగానే ఉంది. భయం నాది, ప్రయాణం నీది. రెండూ కలపకు. వెళ్లు."

పుస్తకం అచ్చయిన మర్నాడు, తల్లిదండ్రుల సమావేశం జరుగుతుండగా, సిరా వాసన కొడుతూ రేవ బడికొచ్చింది. విశాలాక్షి గారు గడియారం చూసి, "ఆలస్యంగా వచ్చారు," అని కాగితం ముందుకు తోశారు. ఇలిక బెంచీ మీంచి లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. రేవ ముందుగా కూతురి జడ తడిమి చూసింది.

"ఇంత వదులుగా ఎవరేశారు?" అంది. ఝాన్సీ తల దించుకుంది. రేవ సంతకం పెట్టి, పిల్లని అక్కడే కూర్చోబెట్టి జడ మళ్లీ వేసింది. ఇలిక కళ్లు తుడుచుకుంటూ, నెప్పి అని అబద్ధం చెప్పింది.

మిగతా తల్లులు గుడ్లప్పగించి చూశారు. సమావేశం అయ్యాక వాళ్లలో గుత్తుల వెంకటలక్ష్మి, నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే ఆవిడ, ఝాన్సీ పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మా, ఆ పేజీ ఓసారి చదివి పెట్టండి."

"ఏ పేజీ అండి?"

"పిల్లని పంపించేటప్పుడు తల్లి ఏదో అంటదంట కదా. మాయమ్మ నన్నెక్కడికీ పంపలేదండి. పద్నాలుగేళ్లకి అత్తారింటికి తప్ప. ఏమని పంపాలో నాకు మాటలు రావట్లేదు."

ఝాన్సీ చదివింది. వెంకటలక్ష్మి పెదాలు కదుపుతూ వింది. అయ్యాక ఆలోచించి, "జాగ్రత్తని ఒక్కసారీ అనలేదేంటండి ఆవిడ? తప్పండి. నాలుగైదు సార్లనాలి. మళ్లీ గేటు దగ్గరోసారి," అంది. నిజమేనంది రేవ. మూడో ముద్రణకి ఝాన్సీ అట్ట లోపల రాసుకుంది. ఈలోగా వెనక ఇంకో నలుగురు చేరారు. వాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి చదవాల్సొచ్చింది.

బస్సు సగమే నిండింది. చాలని విశాలాక్షి గారు సంతకం చేశారు. బయల్దేరే రోజు పొద్దున్న గేటు దగ్గర తల్లులందరూ "భయం నాది, ప్రయాణం నీది" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి, జాగ్రత్త మాత్రం పుస్తకం చూడకుండానే చెప్పారు. వెంకటలక్ష్మి కూతురు కిటికీలోంచి, "అమ్మా, నువ్వు ఏడవట్లేదేంటి?" అని అరిచింది. "రాయలేదే అందులో," అంది వెంకటలక్ష్మి.

బస్సు మలుపు తిరిగింది. తల్లులు కదల్లేదు. పొయ్యి మీద ఏమీ లేదు, బడి వదిలే వేళకి ఎదురు చూడక్కర్లేదు.

"ఇప్పుడేం చేస్తారండి?" వెంకటలక్ష్మి అడిగింది. "పంపేశాక?"

అందరూ ఝాన్సీ వైపు చూశారు. రేవ కూడా చూసింది. ఓడ బయల్దేరాక పుస్తకం మొత్తం ఇలిక వెంటే వెళ్లిపోయింది. వెనక నిలబడిన మనిషి గురించి ఏ ముద్రణలోనూ ఒక్క వాక్యం లేదు.

"అది ఇంతవరకూ ఎవరూ రాయలేదండి," అని ఒప్పుకుంది ఝాన్సీ.

వెంకటలక్ష్మి చెంగు దులుపుకుని, ఎదురుగా ఉన్న హోటల్లో తనెప్పుడూ కూర్చుని టీ తాగలేదని చెప్పింది. వాళ్లందరూ రోడ్డు దాటారు.