ఉపవాసం చెడని బిళ్ళలు

నడకలో వెంకటప్పయ్యను మించినవాడు తిరువూరులో లేడు. పొద్దున్నే రెడ్డిగూడెం మామిడితోటకు బయలుదేరితే, ఆయన నీడ మధ్యాహ్నానికి గాని ఆయన్ని అందుకునేది కాదు. ఇది డెబ్బై నాలుగులో సంగతి.

కూతురి కాన్పు క్షేమంగా జరిగితే మొగుడూ పెళ్ళాలం నెమలి ఊళ్ళోని గుడి దాకా నడిచి వస్తామని ఆయన భార్య పిచ్చమ్మ వేణుగోపాలస్వామికి మొక్కుకుంది. మనవరాలు పుట్టింది. రెండు వారాల్లో శనివారం చూసి బయలుదేరాలనుకున్నారు. అప్పటిదాకా ఇద్దరికీ ఉదయం పూట ఉపవాసం.

ఒక్కటే చిక్కు. వెంకటప్పయ్య మోకాళ్ళు మూడేళ్ళుగా మూలుగుతున్నాయి. ఆ మాట చెబితే మొక్కు తీరదని ఆవిడ బెంగ పెట్టుకుంటుంది. అందుకని కిరాణా కొట్లో నొప్పి బిళ్ళలు కొని, పంచె ముడిలో దాచి, పూటకు రెండు మింగసాగాడు. బిళ్ళ తిండి కాదు కనుక ఉపవాసం చెడదని పరగడుపునే మింగేవాడు.

నాలుగో రోజుకు కడుపులో మంట పట్టుకుంది. తన గోంగూరలో కారం ఎక్కువైందనుకుని పిచ్చమ్మ పచ్చళ్ళ జాడీలు అటకెక్కించింది. మంట తగ్గలేదు. చింతపండు మానేసింది. తగ్గలేదు. చివరికి కడుపుకు విశ్రాంతి కావాలని రాత్రి అన్నం కూడా ఆపి గంజి పోసింది. ఇక ఖాళీ కడుపులో బిళ్ళలదే రాజ్యమైంది. ప్రయాణం రెండు రోజులుందనగా ఆయన వీధి అరుగు మీదే కూలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా తన చేతి వంటే ఆయన్ని తినేసిందని పిచ్చమ్మ ఇరుగుపొరుగులకు చెప్పుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు ఆయన్ని మంటకన్నా ఎక్కువ బాధపెట్టింది. డాక్టరు దేవానందం పొట్ట నొక్కి చూస్తుండగానే పంచె ముడి విప్పి బిళ్ళలన్నీ బల్లమీద పోశాడు.

"నీ వంట కాదే, ఇవీ," అన్నాడు. "మోకాళ్ళ నొప్పులంటే నువ్వు బెంగపడతావని చెప్పలా."

పిచ్చమ్మ బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డమూట తీసి పక్కన పెట్టింది. అందులోనూ అవే బిళ్ళలు.

"నాకూ మోకాళ్ళే. మీరేమో హుషారుగా ఉన్నారు, నేనెట్టా చెప్పేది?"

"మరి నీకు మంట లేదా?"

"మీది చల్లారాక చూసుకుందామనుకున్నా."

అలా ఎడాపెడా మింగితే కడుపులో పుండ్లు పడతాయని డాక్టరు ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టి, బిళ్ళలు లాక్కుని, చెరో తెల్లమందు సీసా చేతికిచ్చి, వేళకు తినమన్నాడు. మొక్కు సంగతి పిచ్చమ్మే తేల్చింది. నెమలి పొలిమేర దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక.

"స్వామికి నేను చెప్పుకుంటాలే," అంది.

నెల తర్వాత వెళ్ళారు. పొలిమేర నుంచి గుడికి చేరేలోగా వెంకటప్పయ్య నాలుగుచోట్ల కూర్చున్నాడు. ఆయన నీడ గురించి నేను ముందు చెప్పింది మరిచిపోండి. ఆ రోజు అదే ముందు నడిచింది.

తిరుగు బస్సులో పిచ్చమ్మ ఆయన భుజంమీద తల ఆనించి కునుకు తీసింది. ఇది మాత్రం నేను కల్పించాను. నలుగురిలో ఆవిడ అలా చేసే మనిషి కాదు. కునుకు తీసింది ఆయన.