త్వరలో తెరవబడును

ఇంగ్లండులోని థార్న్‌బెక్ పట్టణ ప్రజలు ఇకమీదట స్పష్టంగా మాట్లాడతారని కౌన్సిల్ అధ్యక్షులు రోలండ్ పికర్స్‌గిల్ గారు ప్రకటించారు. "ఓ మాదిరిగా", "అదీ ఇదీ", "చూద్దాంలే", "ఎప్పుడైనా ఓసారి" వంటి మాటల వల్ల ఆంగ్లజాతి ఎంతో కాలాన్నీ, ఎంతో టీనీ నష్టపోయిందని ఆయన టౌన్ హాలు మెట్ల మీద నిలబడి, వానలో తడుస్తూ చెప్పారు. గొడుగైనా లేకుండా అంత మాట చెప్పగల నాయకుడు ఆ చుట్టుపక్కల మరొకరు లేరు. ఉద్యమం ఎప్పటి నుంచి అని విలేకరి అడిగితే, త్వరలో అన్నారు.

అందరికంటే ముందు పేరిచ్చింది ఎనిడ్ థాక్రే. బళ్ళో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. ఆవిడకు భాషాసేవ మీద మోజేమీ లేదు. ఆవిడకు కావలసింది ఏటి మీది కాలివంతెన.

ఆ వంతెన అవతల ఒడ్డున ఎనిడ్ అక్క మేవిస్ తుంటి విరిగి మంచంలో ఉంది. వంతెన ఉన్న రోజుల్లో ఎనిడ్ పొయ్యి మీద కెటిల్ పెట్టి వెళ్ళి, అక్కను పలకరించి, నీళ్ళు మరిగేసరికి తిరిగొచ్చేది. వరదకు వంతెన ఒరిగాక దాన్ని మూసి, "త్వరలో తెరవబడును" అని కౌన్సిల్ వారు బోర్డు పెట్టారు. ఇప్పుడా బోర్డు మీద నాచు పట్టింది. ఎనిడ్ మాత్రం సూప్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పక్క ఊరికి ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు ఎక్కి వెళ్తోంది. అక్క దగ్గరికి చేరేసరికి సూప్ చల్లారిపోతుంది. ఏ మాటకైనా సూటిగా జవాబు చెప్పాలని రూలొస్తే వంతెనకూ ఒక తేదీ వస్తుంది కదా అని ఆవిడ ఆశ. అందుకే "స్పష్టంగా చెప్పండి" అన్న బిళ్ళను కోటుకు తగిలించుకుని వీధిలోకి బయల్దేరింది.

మొదట దొరికినవాడు పక్కింటి బేసిల్ ఆర్మిటేజ్. "మీరు ఎప్పుడైనా ఓసారి మా ఇంటికి టీకి రావాలండీ" అని ఆయన ఏళ్ళ తరబడి కంచె మీద నుంచి అంటూనే ఉన్నాడు. ఆవిడ "తప్పకుండానండీ" అంటూనే ఉంది. అలా వాళ్ళ స్నేహం చల్లగా సాగిపోతోంది. ఈసారి ఎనిడ్ బిళ్ళ సర్దుకుని, "ఎప్పుడు?" అంది.

బేసిల్ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆ వీధిలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. గురువారం నాలుగింటికని ఎలాగో గొణిగాడు. ఆవిడ వెళ్ళింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బిస్కెట్లు నమిలారు, వాన గురించి మాట్లాడుకున్నారు. వాన అయిపోయాక గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. మర్నాటి నుంచి బేసిల్ ఆ కంచె వైపు రావడమే మానుకున్నాడు.

ఉద్యమం ఊపందుకుంది. ఎలా ఉన్నారని అడిగితే జనం నిజంగానే చెప్పడం మొదలుపెట్టారు. పోస్టాఫీసులో ఒకాయన మోకాళ్ళ సంగతి చెప్పి ముగించేసరికి క్యూ వీధి మలుపు దాటింది. చర్చిలో కేకు ఎలా ఉందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రావడంతో, పాటల బృందంలోంచి ఇద్దరు వెళ్ళిపోయారు. పికర్స్‌గిల్ గారు ఇవన్నీ ఫలితాలేనని పత్రికకు చెప్పారు.

ఆ నెల కౌన్సిల్ సమావేశంలో ఎనిడ్ లేచి నిలబడింది.

"వంతెన ఎప్పుడు తెరుస్తారండీ?"

పికర్స్‌గిల్ గారు చిరునవ్వు నవ్వి, "త్వర..." దాకా వచ్చారు. హాలంతా ఆయన కోటు మీది బిళ్ళకేసి చూస్తోంది. ఆయనా కిందికి చూసుకున్నారు.

"తెరవం" అన్నారు.

"అంటే?"

"తెరవమంటే తెరవమమ్మా. డబ్బు లేదు. వచ్చినా దానికి పెట్టం."

ఇన్నాళ్ళకు ఒక మాట చేతికందినట్టు అనిపించింది ఎనిడ్‌కు. ఆ క్షణాన ఆవిడకు ఏడుపూ వచ్చింది, నిమ్మళంగానూ ఉంది. కానీ హాలు భగ్గుమంది. వంతెన గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

"పెద్దావిడతో మాట్లాడే తీరేనా అది?" అని బేసిల్ లేచాడు. సిగ్గుచేటు అన్నారు కొందరు. మా నాన్నగారి కాలంలో కౌన్సిల్‌లో ఇంత మోటుమనుషులు లేరన్నారు ఇంకొందరు.

పికర్స్‌గిల్ గారు నాయకుడు కాబట్టి వెంటనే బిళ్ళ తీసి జేబులో వేసుకున్నారు. "నా ఉద్దేశం ఏమిటంటే, పరిస్థితులు ఓ మాదిరిగా కలిసొస్తే, ముందు ముందు ఆ వంతెనా అదీ ఒకసారి చూడకపోం" అన్నారు.

చప్పట్లు మారుమోగాయి. చూశారా ఎంత మర్యాదస్తుడో అని బేసిల్ ఎనిడ్ చెవిలో అన్నాడు. చప్పట్లు కొట్టకపోతే మరీ స్పష్టంగా ఉంటుందని ఎనిడ్ కూడా కొట్టింది.

మర్నాడు రెండు బస్సులెక్కి, చల్లారిన సూప్‌తో అక్క దగ్గరికి చేరింది. మేవిస్ మంచం కిటికీ పక్కనే. అందులోంచి వంతెన కనిపిస్తుంది.

"ఏమన్నారే?"

తెరవం అన్న మాట ఎనిడ్ నాలుక దాకా వచ్చింది. అక్క మొహం చూసి మింగేసింది.

"త్వరలోనే ఓ మాదిరిగా చూస్తారటక్కా."

మేవిస్ సూప్ ఒక చెంచా తాగింది. "చల్లగా ఉంది" అంది. తర్వాత ఇంకో చెంచా తాగింది.

"వెనక గదిలో బీరువా ఖాళీ చేయించి పెట్టాను. నీ బట్టలు తెచ్చుకో."

"ఎప్పుడు చేయించావు?" అంది ఎనిడ్.

"వాళ్ళు ఆ బోర్డు పెట్టిన రోజే."