పండుకున్న వైరు

ఇబ్రహీంపట్నంలో రాక్ బ్యాండ్ పెట్టడమే ఒక దిగులు వ్యవహారం. తిరుమల్ పదేళ్లుగా ఆ దిగులును శ్రద్ధగా నడుపుతున్నాడు. బ్యాండు పేరు ‘ఉరుము’. గిటారు తిరుమల్, కీబోర్డు సామ్యేలు, డ్రమ్ములు ఎల్లేష్. ఊళ్లోవాళ్లకు మాత్రం అది గోల బ్యాచ్. మూతపడిన కోళ్ల షెడ్డులో ప్రాక్టీసు చేసేవారు. కోళ్లు పోయినా వాసన పోలేదు.

ఈ మధ్య ఆ గోలకూ గిరాకీ పోయింది. బారాత్‌కైనా నిమజ్జనానికైనా జనానికి డీజేయే కావాలి. అందుకని సామ్యేలు లాప్‌టాప్ తెచ్చి, మన రాక్‌లో ఎలక్ట్రానిక్ దరువు కలుపుదామన్నాడు. మీట నొక్కితే అది తడబడకుండా, అలసిపోకుండా మోగింది. తిరుమల్ ఎల్లేష్ వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఇక డ్రమ్ములతో పని లేదు.

ఆ మాట చెప్పడమే కష్టం. ఎల్లేష్ తిరుమల్ భార్య యశోదకు తమ్ముడు. వాణ్ని తీసేశానంటే ఆమె పొయ్యి వెలిగించదు. పైగా పెళ్లి సంబంధాలు రావడం ఆగిపోయాక వాడు ఆ డ్రమ్ములతోనే కాపురం చేస్తున్నాడు.

తిరుమల్ ఒక ఉపాయం పన్నాడు. డ్రమ్ముల బదులు ఎలక్ట్రానిక్ ప్యాడ్లు తెచ్చి బావమరిదికి బహుమతిగా ఇచ్చాడు. వాటి వైరు మిక్సర్‌కు తగిలిస్తేనే స్పీకర్లలో మోత వస్తుంది. తిరుమల్ ఆ వైరును మిక్సర్ దాకా లాగినట్టు నటించి, కొసను దుప్పటి కింద దోపాడు. లాప్‌టాప్ మోగుతుంటే ఎల్లేష్ చెమటలు కక్కుతూ కొట్టాడు. నీ చేతిలో జాదూ ఉందిరా అని మెచ్చుకున్న తిరుమల్‌కు ఆ పూట అన్నం సహించలేదు.

దసరా సాయంత్రం గ్రౌండులో ప్రోగ్రాం కుదిరింది. అది చెడితే బ్యాండు మూసుకోవడమే. స్టేజీ మీద సామాను సర్ది, ప్యాడ్ల వైరు కొసను మళ్లీ దుప్పటి కింద దోపగానే యశోద పసుపు కుంకుమలతో వచ్చింది. దసరా నాడు ట్రాక్టరు నుంచి కొడవలి దాకా అన్నిటికీ బొట్టు పెడతారు కదా, బ్యాండు సామాను ఏం పాపం చేసిందని ఆమె వాదన. గిటారుకు, మిక్సర్‌కు, ప్రతి వైరు కొసకూ బొట్టు పెడుతూ పోయింది.

"గా దుప్పటి కింద ఏముంది?"

"దుమ్ము."

"సరే. కొబ్బరికాయ మర్సిన, పోయి తే."

అతను తిరిగొచ్చేసరికి ఆమె హారతి వెలిగిస్తోంది, దుప్పటి పరిచినట్టే ఉంది. బతికిపోయాననుకున్నాడు.

ఆ సాయంత్రం జనం విరగబడి ఎగిరారు. స్పీకర్లన్నీ జనం వైపే ఉండడంతో స్టేజీ మీద ఏ మోత ఎవరిదో తేలదు. దరువు మధ్యలో కొత్త దెబ్బలు పడుతుంటే సామ్యేలు పనితనమే అనుకుని మురిసిపోయి, తిరుమల్ మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని గిటారు వాయించాడు.

అయిపోయాక ముత్యాలు అనే పెద్దమనిషి వచ్చి, తన బిడ్డ బారాత్‌కు వీళ్లే రావాలని, ఆ కొట్టే పోరడు తప్పకుండా ఉండాలని చెప్పాడు.

"గిటారు ఎట్లుందన్నా?"

"గిటారు గూడ ఉండెనా?"

తిరుమల్ వెళ్లి తన వైరు లాగాడు. అది దుప్పటి కింది నుంచి వచ్చింది. కొసన కుంకుమ బొట్టు చెదరలేదు.

"నా వైరు పీకినవా?" అన్నాడు యశోదతో.

"మా తమ్మునిది పండుకొని ఉంటే లేపిన. మిక్సర్ల జాగ లేకుంటే నీదాన్ని పండవెట్టిన."

"అంతసేపు వాయించిన గదనే. జర చెప్తే ఏమాయె?"

"ఇనబడతలేదని నీకే తెల్వకపాయె. నేనేం చెప్పాలె?"

తిరుమల్ మెట్ల మీద కూలబడ్డాడు. పదేళ్ల గిటారు లేకపోతే ఎవరికీ లోటు తెలియలేదు, తనకు కూడా. ఏడుపొచ్చింది.

ఎల్లేష్ వచ్చి బావ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కాడు. తిరుమల్ తల దించుకుని, ఇన్నాళ్లూ ప్యాడ్ల వైరు తగిలించనేలేదని ఒప్పుకున్నాడు.

"మొదటి దినమే ఎరుక బావా. నేను చెయ్యి ఆపినా మోగుతుండె. చెప్పనీకి నీకు నోరు వస్తలేదని ఊకున్న."

ఎల్లేష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ చెయ్యకు బావా. వైరు లేకుండ వాయించుడు మొదట్ల కష్టమే ఉంటది. తర్వాత అలవాటైతది."