అక్షరాలు తిన్న తరగతి

ఒక పెద్ద అడవిలో బడికి సెలవులు అయిపోవచ్చాయి. తొలకరి వానలకి బడి తెరవాలని సింహంగారి ఉత్తర్వు. ఆయన ఏనాడూ బడిమొహం చూసినవారు కాదు. అందుకే చదువంటే ఆయనకి అంత గౌరవం.

ఆ ఏడు ఒకటో తరగతికి కొత్త టీచరు వచ్చింది. ఉడుత. పేరు సుభాషిణి. అదే మొదటి ఉద్యోగం. పని నచ్చితే ఉంచుతామని, నచ్చకపోతే పంపేస్తామని ముందే చెప్పారు. అందుకని బడి తెరవడానికి వారం ముందే వచ్చి గదంతా ఊడ్చింది. సాలెగూళ్ళు దులిపింది. కప్పు కారేచోట తాటాకు దోపింది. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తనే అక్కడక్కడా కూర్చుని చూసుకుంది. కుందేలు పిల్లకి బోర్డు కనబడాలి. కోతిపిల్లకి కిటికీ కనబడకూడదు.

గది తయారైంది. ఇక తను తయారవ్వాలి. నీటిగుంట ముందు నిలబడి, "పిల్లలూ, కూర్చోండి!" అంది. గొంతు కీచుమంది. ఇంకొంచెం గట్టిగా అంది. ఈసారి గుంటలో ఉన్న కప్ప ఒకటి భయపడి కూర్చుంది. సుభాషిణికి కాస్త ధైర్యం వచ్చింది.

పక్క తరగతి మాస్టారు దివాకరంగారు గుడ్లగూబ. మహా అనుభవశాలి. పాఠం చెబుతూనే నిద్రపోగలరు. ఆయన ఒక కన్ను తెరిచి, "అమ్మాయ్, మొదటిరోజు మాత్రం నవ్వకు. నవ్వావా, ఏడాదంతా నెత్తినెక్కి కూచుంటారు" అన్నారు.

"రెండో రోజు నవ్వొచ్చాండీ?"

"ఏమో. నేనింకా ప్రయత్నించలేదు" అని ఆయన కన్ను మూసేశారు.

సుభాషిణి మొహం ముడుచుకోవడం సాధన చేసింది. ఎంత ముడిచినా జామకాయ నోట్లో పెట్టుకున్నట్టే ఉంది తప్ప కోపంగా లేదు.

అప్పుడు వచ్చారు హెడ్మాస్టరు మయూరధ్వజంగారు. నెమలి. గది నాలుగు మూలలా చూసి పెదవి విరిచారు.

"ఏమ్మా, ఏమీ చేసినట్టు లేదే?"

"శుభ్రం చేశానండీ."

"శుభ్రం ఎవరికి కనబడుతుందమ్మా? అలంకారం కనబడాలి! తెరిచిన రోజే ఇన్‌స్పెక్టరు లంబోదరంగారు వస్తున్నారు. ఆదర్శ తరగతి అన్న బిరుదు మనకొచ్చిందంటే నన్ను సింహంగారి కొలువులోకి తీసుకుంటారని వినికిడి."

ఇక చూడండి ఆయన హడావుడి. ఒక్కో అక్షరం ఒక్కో ఆకు మీద రాయించారు. దాని కింద బొమ్మకి బదులు అసలు సరుకే కట్టించారు. 'అ' కింద అరటిపండు. 'జ' కింద జామ. 'గ' కింద గుమ్మడికాయ. 'ఋ' దగ్గర మాత్రం ఏం కట్టాలో తోచక పూలదండ వేసి ఊరుకున్నారు. గుమ్మానికి చెరుకుగడలు నిలబెట్టారు. సాయంత్రానికి గది పెళ్ళిపందిరిలా తయారైంది.

సుభాషిణి మెల్లగా అడిగింది. "ఇందులో పిల్లలు ఎక్కడ కూర్చుంటారండీ?"

"పిల్లలా?" మయూరధ్వజంగారు ఉలిక్కిపడ్డారు. "వాళ్ళొస్తే గది పాడైపోదూ! ఇన్‌స్పెక్టరుగారు చూసి వెళ్ళేదాకా బయటే ఉంచు. ఒక్క పిల్ల గడప దాటినా నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను."

బడి తెరిచిన రోజు పొద్దున్నే తల్లులు పిల్లల్ని దింపి, వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళిపోయారు. పిల్లలు గది బయట వరసగా నిలబడ్డారు. సుభాషిణి మొహం ముడుచుకుని వాళ్ళ ముందు పచార్లు చేసింది. వరస చివర ఏదుపంది పిల్ల ఒకడు, సూదిబాబు, ముక్కు ఎగపీలుస్తున్నాడు.

"ఎందుకు ఏడుస్తున్నావు?"

"నా పక్కన ఎవరూ కూచోరు టీచర్. మా అమ్మ కూడా చూసి చూసి ఎత్తుకుంటుంది."

సుభాషిణి ముడుచుకున్న మొహం కాస్తా విడిపోయింది. మళ్ళీ ముడుద్దామంటే రాలేదు.

ఇంతలో ఉరిమింది. మబ్బు చూడగానే మయూరధ్వజంగారి కాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. ఇన్‌స్పెక్టరుగారికి ఎదురెళ్ళవలసినవారు ఆటస్థలం మధ్యకెళ్ళి పింఛం విప్పి ఆడడం మొదలుపెట్టారు. వాన దబదబా కురిసింది. పిల్లలు తడిసి ఒకరినొకరు కరుచుకుపోయారు. సూదిబాబు మాత్రం ఒక్కడే వణుకుతున్నాడు.

సుభాషిణి గడప వంక చూసింది. పిల్లల వంక చూసింది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఎండుకాయలు ఏరుకోవడమే.

"లోపలికి రండర్రా!" అంది.

లోపలికొచ్చిన పిల్లలు నోళ్ళు తెరుచుకుని గోడల కేసి చూశారు.

"టీచర్, అదేంటి?" అంది కోతిపిల్ల.

"అది 'అ'. అరటిపండు."

"తినొచ్చా?"

సుభాషిణి జవాబు చెప్పేలోగా 'అ' లేదు. కుందేలు పిల్ల 'మ' మీదికి ఎగిరి ముల్లంగి లాగింది. అడవిపంది పిల్ల చిలగడదుంపతో పాటు పక్కనున్న 'ఛ' కూడా నమిలేసింది. ఇక ఆపడం తనవల్ల కాదని టీచరుకి తెలిసిపోయింది.

"ఆగండి! అక్షరం పేరు చెప్పినవాళ్ళే తినాలి!" అని అరిచింది. ఈసారి గొంతు కీచుమనలేదు.

"జ! జ! జామ!" గది దద్దరిల్లింది.

సూదిబాబు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. మూలన గుమ్మడిముక్క కొరుకుతున్న తాబేటిపిల్ల డిప్పి జరిగి చోటిచ్చింది.

"ఇలా రా, కూచో."

"గుచ్చుకుంటాను."

"నాకా?" అని డిప్పి తల లోపలికి లాక్కుని, డిప్పలోంచే పకపకా నవ్వింది. సూదిబాబు వెళ్ళి ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి 'గ' పూర్తి చేశారు.

అప్పుడే లంబోదరంగారు వచ్చారు. ఏనుగు. వానలో నడిచి నడిచి ఆకలి మీదున్నారు. గుమ్మానికున్న చెరుకుగడలు ఆయనకే తెలియకుండా నోట్లోకి వెళ్ళిపోయాయి. వెనకే తడిసిన పింఛం ఈడ్చుకుంటూ హెడ్మాస్టరు వచ్చి లోపలికి చూశారు. బోసిగోడలు, తొక్కలు, టెంకలు. గోడన మిగిలింది ఒక్క కాకరకాయ.

"అయ్యా, ఇదంతా ఈ ఉడుత నిర్వాకం! ఇందులో నా చెయ్యి ఇంత కూడా లేదు. ఇవాళే పంపించేస్తాను!" అన్నారు మయూరధ్వజంగారు.

సుభాషిణి తోక ముడుచుకుని తల దించుకుంది.

లంబోదరంగారు చెరుకు నములుతూ, "అక్షరాలేవిరా?" అని అడిగారు.

"తినేశామండీ!"

"నువ్వేం తిన్నావు?"

"మ! ముల్లంగి!"

"నువ్వు?"

"చ. ఇంకా... ఛ."

ఏ ఒక్కరూ తడబడలేదు. "మరి ఆ గోడన మిగిలిందో?" అంటే, "అది 'క' అండీ, చేదు!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

లంబోదరంగారు చెవులు ఆడించారు. "ఎన్ని బళ్ళు తిరిగానో! పిల్లలకి చదువు ఇంతగా వంటబట్టిన బడి ఇదే. అసలీ ఏర్పాటు ఎవరిది?"

"నాదేనండీ!" హెడ్మాస్టరు ముందుకురికారు.

"మీ చెయ్యి ఇంత కూడా లేదన్నారుగా ఇందాకే?"

మయూరధ్వజంగారికి దగ్గొచ్చింది.

ఇన్‌స్పెక్టరుగారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. టీచరు ఉద్యోగం ఖాయం. ఇకమీద రోజూ పొద్దున్నే గోడల నిండా ఇలాగే అక్షరాలుండాలి. "టీచరమ్మకి పాఠం చెప్పే పనుంది. కాయలు తెచ్చి కట్టే పని హెడ్మాస్టరుగారు చూసుకుంటారు. ఈ విషయంలో వారి చెయ్యి ఇంకా పడలేదుట కదా!"

అప్పట్నుంచి మయూరధ్వజంగారు తెల్లారకముందే లేచి చెట్లూ పుట్టలూ పట్టి తిరుగుతున్నారు. ఆయన కట్టినవి మధ్యాహ్నానికల్లా మాయమైపోతాయి. 'ఋ'తో మొదలయ్యే కాయ ఏదైనా ఉంటే చెప్పమని దారిన పోయేవాళ్ళని బతిమాలుతున్నారు.

ఉద్యోగస్తులకి దీనివల్ల తెలిసే నీతి ఏమంటే, ఏ పనితోనైనా నాకు సంబంధం లేదని చెప్పేముందు, అది పైవారికి నచ్చిందో లేదో తేలేదాకా దగ్గుతూ ఉండాలి.